పడమటి గదిలో బస్తా

మా ఇంట్లో పడమటి గది నాకు దక్కిందంటే, అందులో మా తాతయ్య పోయారు కాబట్టి. ఇంత మొరటుగా చెప్పాలా అంటే, చెప్పాలి. ఇన్నేళ్ళూ మెత్తగా చెప్పుకుంటూ వచ్చాను. దానివల్ల నాకు ఒరిగిందేమీ లేదు.

మా ఊరు రామచంద్రపురానికి దగ్గర. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. కాకినాడలో చదువుకున్న మూడేళ్ళూ జూడో నేర్చుకున్నాను. ఆఖరి ఏడాది హాస్టల్లో ఎవరో తెచ్చిన సీడీలో మొదటిసారి ఆ కొత్త పోటీలు చూశాను. ఇద్దరు మనుషులు గుద్దుకుంటున్నారు, తన్నుకుంటున్నారు, ఎత్తి పడేసుకుంటున్నారు, కింద పడ్డాక కూడా ఒకణ్ణొకడు వదలడం లేదు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారట. నాకు పిచ్చి పట్టింది. ఇంటికొచ్చాక ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుని పొద్దస్తమానం ఆ సీడీలే చూసేవాణ్ణి. అమ్మ వాటిని కొట్లాట సినిమాలు అనేది. నాన్న స్కూల్లో మేష్టారు. ఆయన ఏమీ అనేవారు కాదు, బ్యాంకు పరీక్షల దరఖాస్తులు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవారు. అది తిట్టు కంటే ఎక్కువగా మండేది నాకు.

తాతయ్యకి అప్పటికే పక్షవాతం వచ్చి రెండేళ్ళు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. పడమటి గదిలో గోడవార ఆయన మంచం. పట్టుకుని లేచి కూర్చోడానికి వీలుగా పై దూలానికి ఇనప కొక్కెం బిగించి తాడు వేలాడదీశాం. ఎడమ చెయ్యి మాత్రం బలంగానే ఉండేది. ఏం కావాలన్నా ఆ పిడికిలితో పక్కనున్న గోడని గుద్దేవారు. ఒకసారి గుద్దితే మంచినీళ్ళు. రెండుసార్లయితే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. మూడయితే బెడ్‌పాన్. వినేదీ వెళ్ళేదీ నాయనమ్మే. ఆ రెండేళ్ళలో ఆవిడ మధ్యలో లేవకుండా ఒక్క పూట భోజనం చెయ్యడం నేను చూడలేదు.

ఆయన పోయిన రోజు పొద్దున్న నాయనమ్మ జావ పడుతుంటే ఉమ్మేశారు. ఆవిడ అప్పుడే స్నానం చేసి కట్టుకున్న చీర మీద పడింది. ఎన్నడూ నోరెత్తని మనిషికి ఆ పూట ఎక్కడ లేని కోపం వచ్చింది. "ఇంక నన్ను పిలవకండి. పిలిచినా రాను," అంది. నేను గుమ్మంలోనే ఉన్నాను. మధ్యాహ్నం ఆవిడ వెనక వసారాలో చాప వేసుకుని పడుకుంది. నాన్న స్కూల్లో ఉన్నారు, అమ్మ పెద్దాపురంలో పిన్ని వాళ్ళింటికి వెళ్ళింది. మూడింటికి నాయనమ్మ కాఫీ పట్టుకుని గదిలోకి వెళ్ళేసరికి ఆయన ఒళ్ళు చల్లబడి ఉంది.

"నువ్వు ముందు గదిలోనే ఉన్నావు కదరా, గోడ చప్పుడేమైనా వినపడిందా?" అని అడిగింది నన్ను. లేదు నాయనమ్మా అన్నాను.

వినపడింది. సీడీలో ఆఖరి రౌండు నడుస్తోంది. ఆవిడ వెళ్తుందిలే అనుకున్నాను. కాసేపటికి మళ్ళీ వినపడింది. విసుగొచ్చి స్పీకర్ సౌండు పెంచాను. ఆ తర్వాత ఇంకేమీ వినపడలేదు. నేను చేసింది ఇదీ. దీనికి ఏ పేరు పెట్టుకున్నా పడతాను.

పరామర్శకి వచ్చిన ప్రతి మనిషితోనూ నాయనమ్మ అదే చెప్పేది. యాభై ఏళ్ళ కాపురంలో ఒకే ఒక్కసారి పిలవద్దన్నానండీ, ఆ మాట పట్టుకుని పిలవకుండానే వెళ్ళిపోయారు, అని. నేను వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తూ ఆ మాట వినేవాణ్ణి. పిలిచారు నాయనమ్మా అన్న ఒక్క ముక్క నా నోట్లోంచి రాలేదు. అంటే, మరి నువ్వేం చేస్తున్నావు అని అడుగుతుంది కదా.

ఆయన పోయిన నక్షత్రం మంచిది కాదని, ఆరు నెలలు ఆ గది మూసెయ్యాలని పంతులుగారు చెప్పారు. శవాన్ని బయటికి తెచ్చిన వెంటనే, అందరూ చూస్తుండగా, తలుపు వేసి తాళం పెట్టి గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప కట్టారు. ఆరు నెలలు పోయాయి, ఏడాది సంవత్సరీకం పోయింది. కంప ఎండి రాలిపోయినా తాళం తియ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

నాకేమో గది కావాలి. పెరట్లో ప్రాక్టీస్ చేద్దామంటే సగం ఏడాది వాన, మిగతా సగం ఎండ. పైగా దడి మీంచి ఊరంతా చూడ్డం. వెతగ్గా వెతగ్గా ఆ తాళం మీదకి పోయింది కన్ను. పంతులుగారి దగ్గరికి నేనే వెళ్ళి అడిగాను. గడువు ఎప్పుడో దాటిపోయిందిగా నాయనా, పుణ్యాహవచనం చేయించుకుని వాడుకోండి అన్నారు. నాన్న ఇబ్బంది పడ్డారు గానీ కాదనలేకపోయారు. నాయనమ్మని అడిగితే, పిలవని మనిషి గది మూస్తే ఏంటి, తెరిస్తే ఏంటి అంది.

మంత్రాలూ నీళ్ళు చల్లడమూ గుమ్మం దగ్గరే కానిచ్చి పంతులుగారు వెళ్ళిపోయారు. మధ్యాహ్నం నేనొక్కణ్ణే లోపలికి వెళ్ళి కిటికీ తీశాను. మంచం మీద పరుపు అలాగే ఉంది.

మాలో మనిషి పోతే పడుకున్న పరుపూ దుప్పటీ ఇంట్లో ఉంచరు, ఆ రోజే శవం వెంట పంపించేస్తారు. అయితే గది మూసెయ్యాలన్న తొందరలో పరుపు సంగతి ఎవరూ చూసుకోలేదు. ఒకసారి తాళం పడ్డాక లోపలికి వెళ్ళకూడదు కాబట్టి, ఎవరూ వెళ్ళలేదు. మోసినవాళ్ళు తీసుకెళ్ళారని నాన్న అనుకున్నారు, నాన్న ఎవరిచేతో పంపించి ఉంటారని అమ్మ అనుకుంది. దుప్పటి నలిగినట్టే ఉంది. దాని కింద పరుపు మధ్యలో భుజాల దగ్గర వెడల్పుగా, నడుము దగ్గర సన్నగా గుంట. ఏడాదిన్నర పైన ఎవరూ పడుకోని పరుపు, అయినా ఆ గుంట పూడలేదు. చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను.

కాల్చెయ్యమంది అమ్మ. కాల్చేస్తానన్నాను. కానీ దాని నిండా మేలు రకం బూరుగు దూది. గుద్దులు సాధన చెయ్యడానికి వేలాడదీసే బస్తాలో కూరడానికి దూది కోసమే నేను పది ఊళ్ళు తిరుగుతున్నాను. పెరటి వెనక్కి తీసుకెళ్ళి కుట్లు విప్పి దూదంతా గోనె సంచుల్లోకి ఎత్తి, గుడ్డ ఒక్కటీ కాల్చాను. పొగ చూసి అమ్మ నమ్మేసింది. దెయ్యాలూ గియ్యాలూ అంటే నవ్వే వయసు నాది. శుభ్రమైన దూది పారెయ్యడం తెలివితక్కువ అనిపించింది, అంతే.

సామాను అమర్చడానికి నెల పట్టింది. సీడీలో చూపించే మెత్తటి మ్యాట్లు రాజమండ్రి కొట్లలో అడిగితే అవేంటండీ అన్నారు. మా మేనత్త కొడుకు, నా ఈడువాడే, కడియంలో నర్సరీ చూసుకునేవాడు. మొక్కల సంచుల్లో వేసే కొబ్బరి పొట్టు ట్రాక్టర్ మీద తెచ్చి పడేశాడు. గది చుట్టూ అడుగెత్తు చెక్కలు కొట్టి, మధ్యలో ఆ పొట్టు పోసి, ఇద్దరం రెండు రోజులు తొక్కి, పైన లారీ టార్పాలిన్ బిగించి లాగి మేకులు కొట్టాం. దాని మీద పడితే దెబ్బ తగిలేది కాదు. తడి మట్టి వాసన మాత్రం గదిలోంచి ఎప్పటికీ పోలేదు. ఓ మూల బరువులెత్తడానికి సిమెంటు పోసిన నూనె డబ్బాలు, ఇనప కడ్డీ. చేతి గ్లోవ్స్ చెన్నై నుంచి పార్శిల్లో తెప్పించాను.

బస్తాకి తొడుగు కుట్టింది టౌనులో స్కూటర్ సీట్లు కుట్టే ఆయన. నా గుండె ఎత్తు చూపించి ఇంత పొడుగు కావాలన్నాను. "ఆయ్, కుట్టేస్తానండి. ఏం కూరతారండి ఇందులో?" అన్నాడు. దూది అన్నాను. అడుగున ఇసక సంచి, దాని చుట్టూ ఊక, ఆపైన మూతి దాకా దూది కూరాం. మా బావా నేనూ కలిసి ఎత్తి దూలానికున్న పాత కొక్కేనికే గొలుసుతో తగిలించాం. గోడకి మూరెడు దూరంలో వచ్చింది. నిజం మనిషిలా ఉంది బావా అని నవ్వాడు వాడు. నేనూ నవ్వాను.

మొదటి రోజు మధ్యాహ్నం భోజనాల వేళ లాగి ఒక్క గుద్దు గుద్దాను. బస్తా వెనక్కి పోయి గోడకి తగిలింది. ఇల్లంతా వినపడేలా ధబ్బుమంది. నేనింకా చెయ్యి విదిలించుకుంటుండగానే నాయనమ్మ గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చింది. ఆవిడ మూతి పక్కన మెతుకుంది. నాకే అనుకుని తాగేశాను. నన్ను వింతగా చూసి ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి మళ్ళీ నీళ్ళు తెచ్చి, ఈసారి నాకివ్వకుండా గోడవార కిటికీ గట్టు మీద పెట్టింది. ఒకప్పుడు మంచం తల ఉన్న చోటది.

నాకు అర్థం కావడానికి వారం పట్టింది. ఎడమా కుడీ వెంట వెంటనే రెండు గుద్దులు సాధన చేస్తున్నాను. బస్తా రెండుసార్లు గోడకి తగిలింది. నాయనమ్మ లోపలికొచ్చింది. ఎంగిలి చెయ్యి కొంగుకి తుడుచుకుంది. బస్తాని రెండు చేతులతో, ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి నడుము దగ్గర, పట్టుకుని మెల్లిగా అటు పక్కకి తిప్పింది. తిప్పాక ఇంతసేపూ గోడవైపున్న మేర అరచేత్తో రాసింది, పడుకుని పడుకుని ఒరుసుకుపోయిన వీపుని రాసినట్టు. నన్ను చూడనే లేదు. కొంగులోంచి పౌడర్ డబ్బా తీసి అక్కడ కాస్త అద్ది వెళ్ళిపోయింది. పట్టపగలు, కిటికీలోంచి ఎండ పడుతోంది, వీధిలో ఐస్ బండి గంట వినపడుతోంది. ఆ పూట ఇంక బస్తా ముట్టుకోలేదు. అబద్ధమెందుకు, భయపడ్డాను.

అందులో ఏ దూది ఉందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మా బావ ఆదివారాలు వచ్చేవాడు. పట్టులాడేటప్పుడు బస్తాని కౌగిలించుకుని తల దానికి ఆనించి తొయ్యాలి. ఒక ఆదివారం అలా తల పెట్టినవాడు గభాలున వదిలేశాడు. "బావా, ఇందులోంచి తాతయ్య తైలం వాసనొస్తోందేంటి?" అన్నాడు. తాతయ్యకి రోజూ రాసే నొప్పుల తైలం అది. ఎలకలు చచ్చుంటాయి అన్నాను తిక్కగా. వాడు నా మొహం చూసి చొక్కా తొడుక్కున్నాడు. వచ్చే ఆదివారం లోడింగ్ ఉందన్నాడు, ఆపై ఆదివారమూ ఉందన్నాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక మధ్యాహ్నం గదికి తాళం వేసి, తాళంచెవి లుంగీ మొలలో దోపుకుని, నూతి దగ్గర నీళ్ళు పోసుకుంటున్నాను. లోపల్నుంచి చప్పుడొచ్చింది. గాలి లేదు. దూది సర్దుకుని బస్తా బరువు ఒరిగి గోడకి తగిలి ఉంటుందని ఇప్పటికీ చెప్పుకుంటాను. ఆ రోజు మాత్రం సబ్బు నురగ ఒంటి మీదుండగానే వీధిలోకి పరిగెత్తాను.

ఇలా కాదని వేరే దారి వెతికాను. ఒకటి కొట్టినా, రెండు కొట్టినా, మూడు కొట్టినా నాయనమ్మ వస్తోంది. మూడు కొట్టిన రోజు ఆవిడ పట్టుకొచ్చిన దాని గురించి నేను రాయలేను. నాలుగు కొట్టి ఆగితే మాత్రం రావడం లేదు. రెండు గుద్దులు, ఒక మోచెయ్యి, ఒక తన్ను. సీడీలో ఆ వరస ఉంది కూడా. ఇంక అప్పట్నుంచి నాలుగే కొట్టేవాణ్ణి. నాలుగు కొట్టగానే ఆవిడ తలెత్తి ముందు గది వైపు ఒకసారి చూసి మళ్ళీ తల దించుకుంటోందని అమ్మ చెప్పింది. పోనీలే, రావడం మానేసింది కదా అని సంబరపడ్డాను.

నాలుగు రోజులకి తెలిసింది, ఆవిడ అన్నం మానేసిందని. కంచం ముందు కూర్చుంటోంది, కలుపుతోంది, వింటోంది, అలాగే లేచిపోతోంది. అమ్మ బతిమాలింది, నాన్న కేకలేశారు, డాక్టరు వచ్చి సెలైన్ పెట్టించాలన్నారు. రవిక చేతులు వదులైపోయి వేలాడుతున్నాయి. ఇలాగే ఉంటే మనిషి దక్కదండి అని డాక్టరు నాన్నని వసారాలోకి పిలిచి చెప్పడం నేను విన్నాను.

మర్నాడు మధ్యాహ్నం నేను గదిలోకి వెళ్ళలేదు. వంటింట్లో ఆవిడ పక్కన కూర్చున్నాను. ముందు కంచంలో పప్పన్నం చల్లారిపోయి ఉంది. తిను నాయనమ్మా అన్నాను.

"ఎలా తినమంటావురా? ఇన్నాళ్ళకి కోపం తగ్గి పిలిచారనుకున్నాను. పరిగెత్తుకుని వెళ్ళాను. మళ్ళీ మానేశారు," అంది. "ఆ రోజు పిలిచుంటే వెళ్ళకపోదునా నేను? ఒక్కసారి పిలిచారని తెలిస్తే చాలు నాకు."

చెప్పేశాను. ఆ రోజు ఆయన గోడ కొట్టారని, నేను విన్నానని, నువ్వు వెళ్తావనుకున్నానని, సౌండు పెంచానని, అడిగితే అబద్ధం చెప్పానని. బస్తాలో దూది సంగతి కూడా చెప్పాను. ఆయన నిన్ను పిలిచారు నాయనమ్మా, నీ మాట పట్టుకుని ఊరుకోలేదు, తప్పు నాది అన్నాను. ఆవిడ నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

ఆవిడ మొహం వెలిగింది. నిజంగా వెలిగింది. ఆ రెండు క్షణాలు నేను చేసినదంతా చెరిగిపోయినట్టే అనిపించింది.

"ఎన్నిసార్లు కొట్టార్రా?" అంది.

"నాలుగు. కాసేపాగి మళ్ళీ నాలుగు."

ఆవిడ వేళ్ళు కంచంలో ఆగిపోయాయి. చాలాసేపు నా వైపే చూసింది. అబద్ధం ఆడడానికి ఆవిడకి ఆ సమయం సరిపోయేది. ఆడలేదు.

"నాలుగంటే నేను కాదు నాన్నా. నాలుగంటే నువ్వు."

నిన్ను చూడాలనిపిస్తే నాలుగు కొట్టేవారు, అంది. నువ్వు విసుక్కుంటావని పిలిచినట్టు చెప్పద్దని సైగ చేసేవారు. అందుకే నేనే ఏదో పని పెట్టి పంపించేదాన్ని. తాతయ్య గదిలో కిటికీ వేసి రారా, పేపరు అక్కడ పెట్టి రారా, అని. నువ్వు వెళ్ళి అటు తిరిగి కిటికీ వేసేవాడివి. ఆయన చూసుకునేవారు. అదే చాలు ఆయనకి.

ఎన్ని వందలసార్లు వేశానో ఆ కిటికీ. తెరిచి ఉన్న కిటికీ ఈవిడ వెయ్యలేదా అని ప్రతిసారీ సణుక్కుంటూ వేశాను.

"అయితే నన్ను పిలవలేదన్నమాట," అంది నాయనమ్మ, తనలో తను. గొంతులో కోపం లేదు. ఇంక వినడానికి ఏమీ లేదన్నట్టు కంచం దగ్గరికి లాక్కుంది. చల్లారిన అన్నం ముద్ద ముద్దకీ నీళ్ళు తాగుతూ తింది. ఒక్కసారి కూడా తలెత్తలేదు. అంతా తిని, మజ్జిగ పోసుకుని, కంచం కడిగి బోర్లించింది. నేను అక్కడే ఉన్నాను.

చెయ్యి తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి తల నిమిరింది.

"వెళ్ళు. వెళ్ళి కాసేపు కూర్చుని రా," అంది.

వెళ్ళాను. బస్తాకి ఎదురుగా టార్పాలిన్ మీద, ఇటు తిరిగి, మొహం కనపడేలా కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళ దాకా కూర్చున్నాను. ఏ చప్పుడూ రాలేదు.